ఆగినవాళ్ళు లెక్కలోకి రారు

మొన్న పొద్దున్న బడికి బయల్దేరుతుంటే తమ్ముడు ఫోను చేశాడు. "అప్పా, అత్త పోనాదే" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అనే పిలుస్తారు. నా నోట్లోంచి ముందు వచ్చిన మాట "అయ్యో" కాదు. "రోడ్డు మీదా?" అని అడిగాను. "నేదప్పా. మంచం మీదే, నిద్దర్లోనే ఎల్లిపోనాది" అన్నాడు. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. చావు కబురు చెప్పుకుని ఊపిరి పీల్చుకునే మనుషులుంటారా అని మీకు అనిపించవచ్చు. మా అత్తని ఎరిగిన వాళ్ళెవరికీ అనిపించదు. ఆ రోజు పలకరించడానికి ఫోను చేసిన చుట్టాలందరూ ముందు అడిగింది ఆ ప్రశ్నే.

అత్త అంటే మా నాన్నకి అక్క. పాతపట్నం అవతల, ఒడిశాకి ఆనుకున్న పల్లెకి ఇచ్చారు. మావయ్య తొందరగా పోయాడు, పిల్లల్లేరు. ఒక ట్రంకుపెట్టె, ఒక పెయ్యదూడ, కాసిని ఒడియా మాటలు పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. పెట్టె మా అమ్మకి ఇచ్చేసింది. ఒడియా మాటలు ఆవుల కోసం దాచుకుంది. ఆ పెయ్య దగ్గర్నుంచి ఇప్పుడున్న ఎర్రావు దాకా, ఏ ఆవుతోనూ ఆవిడ తెలుగులో మాట్లాడినట్టు నాకు గుర్తులేదు. మాతో మాత్రం తెలుగే, అదీ తిట్టుతో మొదలయ్యే తెలుగు. "ఓసి గుంటా, జడేసుకోడం రాని దానివి లెక్కలేటి సెప్తావే పిల్లలకి?" అని నాకు ఉద్యోగం వచ్చిన రోజున దీవించింది.

మా ఊరు శ్రీకాకుళం పక్కనే. ఇప్పుడు పక్కన అనకూడదు, పట్నంలో కలిపేశారు. ఇల్లు రోడ్డుకి ఇవతల, పశువుల సాల అవతల. మా తాత కట్టినప్పుడు మధ్యలో ఉన్నది బండ్లబాట. దాని మీద తారు పడింది, తర్వాత వెడల్పు చేశారు, తర్వాత ఇంకా వెడల్పు చేశారు. ఇల్లూ సాలా ఉన్నచోటే ఉన్నాయి, వాటి మధ్య దూరమే పెరుగుతూ పోయింది. అత్త పొద్దున ఒకసారీ సాయంత్రం ఒకసారీ పాలు తియ్యడానికి దాటేది. మధ్యలో గడ్డి వెయ్యడానికి, కుడితి పెట్టడానికి, ఊరికే చూసి రావడానికి కూడా దాటేది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక ఒక చేతిలో తపేళా, ఒక చేతిలో కర్ర.

దాటే ముందు అంచున నిలబడి బళ్ళతో వరసలు కలిపేది. లారీ వస్తే "మావా, ఓపాలి ఆగు" అనేది. ఆటో వస్తే "ఒరే బావా, తొందరేట్రా?" బైకయితే "అల్లుడా, ఇంటికాడ అమ్మ సూస్తంటాది, నిమ్మళంగా ఎల్లు." బస్సుకి మాత్రం ఏ వరసా లేదు, బస్సు వస్తే నోరు మూసుకుని వెనక్కి జరిగేది. ఎందుకంటే "అందులో నూరు మందుంటారు, ఎవులితో ఏ వరసో ఏటో" అనేది. ఆగినవాళ్ళు ఆగేవారు. చాలామందికి అసలు వినిపించేది కాదు.

రోడ్డు రెండోసారి వెడల్పయ్యాక మేకలు పోయాయి, కుక్కలు పోయాయి, ఎదురింటివాళ్ళ బాతులు పోయాయి. మనుషులెవరూ పోలేదు. అది మా అదృష్టం అనుకున్నాం. ఆ అదృష్టమే తర్వాత మాకు అడ్డం తిరిగింది.

ఒకసారి పట్నంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ఒక బడి ముందు గుండ్రటి బోర్డు చూసింది. ఎర్ర అంచు, మధ్యలో ముప్ఫై. దాని కింద రోడ్డు మీద అడ్డంగా తెల్లచారలు. ఏమిటని అడిగితే చెప్పాను. ఆటోని పక్కకి ఆపించి, అక్కడ కాసేపు కూర్చుని చూసింది. కొందరు నెమ్మదించారు, కొందరు లేదు. "నెమ్మదించినోళ్ళు ఆ బోర్డుని సూసే కదా? మరయితే మనకీ ఒకటి కావాల. ఆ సారలు కూడా కావాల" అంది. ఆ రోజు నుంచి అత్తకి ఇంకో కోరిక లేదు. చివరి దాకా ఎర్రావు దగ్గరికి తన కాళ్ళతో తను దాటి వెళ్ళాలి, అంతే. దానికి ఒక బోర్డు, కాసిని తెల్లచారలు.

అర్జీ నేనే రాశాను. కలెక్టరాఫీసులో సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్సులో ఇచ్చాం. అక్కడ మర్యాదగా కూర్చోబెట్టారు, రశీదు ఇచ్చారు. మున్సిపాలిటీవాళ్ళు ఊరు మాదే గానీ రోడ్డు మాది కాదన్నారు. రోడ్లవాళ్ళు రోడ్డు మాదే గానీ వేగం మా చేతిలో లేదన్నారు. పోలీసులు వేగం తప్పితే పట్టుకోవడం మా పని గానీ ఎంతకి పట్టుకోవాలో చెప్పడం కమిటీ పని అన్నారు. కమిటీ అంటే ఒక మనిషి కాదు, అన్ని ఆఫీసులవాళ్ళూ కలిసి కూర్చున్నప్పుడు మాత్రమే ఉండేది. వాళ్ళు కూర్చోవాలంటే ముందు సర్వే కావాలి. ఎక్కడా ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ చెయ్యి చాపలేదు. అత్త వచ్చేస్తూ, "బోర్డు పాతినోడొకడు, దాని మీద అంకేసినోడొకడు, ఆ అంకె సెప్పినోడింకొకడు. ముగ్గుర్నీ ఓ దగ్గర సేర్చడం పెళ్ళి సెయ్యడం కన్నా కష్టమే" అంది.

చివరికి సర్వేకి ఒక కుర్ర ఇంజనీరు ఒప్పుకున్నాడు. విజయనగరం అబ్బాయి, నెమ్మదైన మనిషి. పెద్దావిడ ఇన్నిసార్లు తిరిగిందన్న గౌరవం కొద్దీ ముందురోజు ఫోను చేసి, "రేపు వస్తున్నామమ్మా" అని చెప్పాడు. ఆ ఒక్క మర్యాదతో మా పని చెడింది.

ఇంటికి పెద్దవాళ్ళు వస్తున్నారంటే మా వైపు ఏం చేస్తారో మీకు తెలుసు. అత్త ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగింది. "ఆపీసర్లొస్తన్నారు. రోడ్డు మీద సోళ్ళు ఎత్తీయండి. ఆవుల్ని కట్టీయండి. పిల్లల్ని రోడ్డెక్కనియ్యకండి, పరువు పోతాది" అని చెప్పింది. అప్పుడు కోతల రోజులు. సగం రోడ్డు దాకా చోళ్ళు, అంటే రాగులు, ఆరబోసి ఉన్నాయి. అన్నీ ఎత్తేశారు. టీ బల్ల వెనక్కి జరిపారు. రోడ్డు పక్క నిలిపే ట్రాక్టరుని తోటలోకి తోలేశారు. ఆడవాళ్ళు రోడ్డు అంచు పొడుగునా కళ్ళాపి చల్లి ముగ్గులు పెట్టారు. పొద్దున్నకి మా ఊరి రోడ్డు నా చిన్నప్పట్నుంచి ఎప్పుడూ లేనంత శుభ్రంగా, విశాలంగా, ఖాళీగా ఉంది.

వాళ్ళు వచ్చి వేగం కొలిచే మిషను నిలబెట్టారు. అత్త కొబ్బరిబొండాలు కొట్టించింది. కొత్త చీర కట్టుకుని ఇంజనీరు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. అడ్డం లేని రోడ్డు మీద బళ్ళు రివ్వున పోతున్నాయి. పోయినకొద్దీ అత్త మొహం వెలిగిపోయింది. "సూడు బాబూ, సూడు! ఎలగ పోతన్నాడో! రాసుకో!" అని ప్రతి బండికీ అంటోంది. ఎవడైనా నెమ్మదిగా వస్తే ఆవిడకి చిరాకు. "తొక్కరా అల్లుడా, ఇవ్వాళే నిమ్మళం గుర్తొచ్చిందేటి నీకు?" అని అరిచింది. ఎంత వేగంగా పోతే అంత బాగా మన బాధ తెలుస్తుందని ఆవిడ నమ్మకం. ఊరంతా అదే నమ్మకం. నేను కూడా అక్కడే ఉన్నాను, నాకూ అదే నమ్మకం.

తర్వాత బోర్డు వచ్చింది. గుండ్రంగా, ఎర్ర అంచుతో, కొత్తగా మెరుస్తూ. మధ్యలో యాభై. చారలు లేవు.

ఇలా ఎందుకయిందో నేను ఆఫీసుకి వెళ్ళి అడిగి తెలుసుకున్నాను. మీకు కూడా చెబుతాను, ఎప్పుడైనా మీ రోడ్డుకీ అవసరం పడొచ్చు. రోడ్డు మీద పోయే బళ్ళ వేగాలు కొలుస్తారు. నూటికి ఎనభై అయిదు బళ్ళు ఏ వేగం లోపల పోతున్నాయో చూస్తారు. పరిమితిని దానికి దగ్గరగా పెడతారు. ఎక్కువమంది తమంతట తాము పోతున్న వేగమే ఆ రోడ్డుకి తగిన వేగమని దాని వెనకున్న ఆలోచన. పక్కన బడి ఉంటే, సంత ఉంటే, జనం దాటుతుంటే, ఇంతకు ముందు ప్రమాదాలు జరిగి ఉంటే అందులోంచి కొంత తగ్గిస్తారు. మా రోడ్డు మీద ఆ రోజు జనం దాటలేదు. పిల్లలు లేరు. పశువు లేదు. రికార్డులో చచ్చినవాళ్ళు లేరు. కాబట్టి తగ్గించడానికి ఏమీ లేదు. ఎవరూ అబద్ధం రాయలేదు, ఆ రోజు కనిపించినదే రాశారు. లెక్కల టీచర్ని కాబట్టి ఎన్నిసార్లు చూసినా నాకు అందులో తప్పు దొరకలేదు, దొరికితే కనీసం పోట్లాడేదాన్ని.

అత్తకి ఇదంతా చెప్పాను. "అంటే నాను ముగ్గులేసి మరీ పిలిసి తెచ్చుకున్నానన్నమాట" అంది. "నీకేం తెలుసత్తా" అన్నాను. "తెల్దు. తెల్దు కాబట్టే ముగ్గులేసినాను" అంది.

బోర్డు లేనప్పుడే నయమని తర్వాత తెలిసింది. అప్పుడు ఊరు కనబడగానే ఎంత వేగంగా పోవచ్చో తెలియక చాలామంది ఎక్సిలేటరు మీంచి కాస్త కాలు ఎత్తేవారు. ఇప్పుడు అనుమానం తీరిపోయింది. ఒక సాయంత్రం అత్త దాటుతుంటే ఒక కుర్రాడు బైకు మీద దగ్గరికంటా వచ్చి ఆపాడు. అత్త కర్ర ఎత్తింది. వాడు హెల్మెట్టు తీసి, "బోర్డు సూడు మామ్మా, యాభై ఉన్నాది. నాను నలభయ్యిలో వస్తన్నాను" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. బైకు పక్కకి పెట్టి, ఆవిడ చేతిలో తపేళా తీసుకుని, చెయ్యి పట్టుకుని ఇవతలకి దాటించి మరీ వెళ్ళాడు. అలాంటి పిల్లాడిని ఏమని తిట్టాలో అత్తకి తెలియలేదు. అరుగు మీద కూర్చుని, "మంచోడే" అని తనలో తను అనుకుంది.

మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాం. ఇంజనీరు లేచి నిలబడి కుర్చీ ఇచ్చాడు. "మళ్ళీ కొలవొచ్చమ్మా. పరిస్థితి మారితే అంకె మార్చే వీలుంటుంది" అన్నాడు.

"అయితే ఈపాలి ఏదీ తియ్యం బాబూ" అంది అత్త. "సోళ్ళు రోడ్డు మీదే ఉంటాయి. ఆవులుంటాయి, పిల్లలుంటారు, నానుంటాను. బళ్ళన్నీ ఆగుతాయి. అప్పుడు కొల్సుకో."

ఆ అబ్బాయి తలొంచుకున్నాడు. "ఆగిన బండిని లెక్కలోకి తీసుకోమమ్మా. ముందు ఏ అడ్డమూ లేకుండా, తన ఇష్టప్రకారం పోయిన బండినే తీసుకుంటాం. రూలు అలా ఉంది."

అత్త నా వైపు తిరిగింది. తను సరిగా విన్నదో లేదో చెప్పమన్నట్టు చూసింది. విన్నది సరిగ్గానే అని తలూపాను. "ఆగినోడ్ని లెక్కెట్టరట" అంది నెమ్మదిగా. "ఆగనోడ్నే లెక్కెడతారట. మరింక ఆగడం ఎందుకు బాబూ ఎవులైనా?"

అతను ఇంకో దారి ఉందేమో అని కాగితాలు తిరగేసి, "ప్రమాదాల రికార్డు ఏదైనా ఉంటే తొందరగా అవుతుందమ్మా" అన్నాడు. అన్నాక తనకే ఆ మాట ఎలా ఉందో తెలిసినట్టుంది, మొహం మాడిపోయింది. అత్త మాత్రం కోప్పడలేదు. "ఎవులైనా పోవాల, అంతేనా? మా ఊర్లో అందరూ పిల్లలు గలోళ్ళు బాబూ. నాకొక్కర్తికే నేరు, పోతే నానే పోవాల. కానీ మా ఎర్రావుకి నాను తప్ప ఎవులూ నేరు" అంది. దాటుతున్న జనం సంగతి విడిగా రాసి కమిటీలో పెడతానని అతను మాటిచ్చాడు. నిజంగానే పెట్టాడు. ఆ సమావేశం వాయిదా పడింది. మళ్ళీ పడింది. ఈలోగా అతనికి బదిలీ అయింది. వెళ్ళే ముందు ఫోను చేసి అత్తకి క్షమాపణ చెప్పాడు. "నువ్వేటి సేస్తావు నాయనా, బాగుండు" అని ఆవిడే ఓదార్చింది.

ఊరి కుర్రాళ్ళకి ఒళ్ళు మండి ఒకరోజు రోడ్డుకి అడ్డంగా కంకర, మట్టి కలిపి గట్టు వేశారు. మర్నాడే ఆసుపత్రికి పోతున్న నిండు చూలాలి ఆటో దాని మీద ఎగిరిపడింది. ఆ పిల్లకేమీ కాలేదు. అత్త పలుగు తెప్పించి, తను దగ్గర నిలబడి ఆ గట్టు తవ్వించేసింది. "నా ఆవు కోసం ఒకరి కడుపు మీద దెబ్బెయ్యనా?" అంది. ఆ పని చెయ్యగలిగిన మనిషి ఊళ్ళో ఆవిడొక్కతే. చేశాక అరుగు మీద కూర్చుని ఏడ్చింది కూడా ఆవిడే. నేనది ఎప్పుడూ చూడలేదు, చిన్నప్పుడు మావయ్య పోయినప్పుడు ఏడ్చిందంటే విన్నానంతే.

పోయిన వానాకాలంలో మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయి. తమ్ముడు ఇక రోడ్డు దాటొద్దని ఒట్టు వేయించుకున్నాడు. పాలు తియ్యడానికి వాడు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆవు చేపలేదు. తల నిమిరాడు, దూడని వదిలాడు, బెల్లం పెట్టాడు, చుక్క పాలు దించలేదు. వాడికి ఒడియా రాదు. చివరికి అత్త అరుగు చివర గోడకి ఆనుకుని నిలబడి, రోడ్డు ఇవతల నుంచి ఆవుని పిలవడం మొదలుపెట్టింది. బళ్ళ మోతలో ఆ మాట అవతలికి చేరాలంటే రెండు బళ్ళ మధ్య సందు దొరకాలి. ఆవిడ గుక్కపట్టి కాచుకుని ఉండేది. సందు దొరకగానే అరిచేది. అందిన రోజు ఆవు చెవులు రిక్కించి పాలు చేపేది. అందని రోజు వాడు ఖాళీ తపేళాతో తిరిగొచ్చేవాడు. నేను సెలవులకి వెళ్ళినప్పుడు ఇది రోజూ చూశాను. చూసి ఏం చెయ్యగలం? నేను మళ్ళీ ఒక అర్జీ రాశాను.

ఆఖరిసారి కలిసినప్పుడు అత్త మంచం మీద ఉంది. మంచం కిటికీ పక్కకి వేయించుకుంది. అక్కణ్ణించి సాల కనబడదు, రోడ్డు కనబడుతుంది. "అంకె మారిందేటే?" అని అడిగింది. "ఇంకా లేదత్తా. కొత్తాయన ఫైలు చూస్తానన్నాడు. మంచాయన లాగే ఉన్నాడు" అన్నాను. అత్త నవ్వింది. పళ్ళు లేని నవ్వు, అందులో వెటకారం లేదు. "అందరూ మంచోళ్ళే గుంటా. ఆ బాబూ మంచోడే, బైకు గుంటడూ మంచోడే, నువ్వూ మంచిదానివే. మరి నాను రోడ్డెలగ దాటాల?" అంది. నేను దుప్పటి సర్ది, కాళ్ళు పట్టాను. అర్జీలు రాయడం నేర్చుకున్నాను గానీ ఆవిడకి అక్కరకొచ్చిన పని నేను చేసింది ఆ కాళ్ళు పట్టడమే.

ఆవిడ దగ్గర మేము నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. పాలు పొయ్యి మీదుండగా ఎవరినీ తిట్టకూడదు. ఇంటికొచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి ఆ తర్వాతే ఎందుకొచ్చావని అడగాలి. దాటేవాళ్ళు చెయ్యెత్తితే, అది ఎవరి చెయ్యైనా సరే, ఆగాలి. నా స్కూటరు మీద నేనిప్పటికీ ఆగుతాను. వెనక వచ్చేవాళ్ళు హారను కొడతారు.

శ్మశానం సాల వెనక, ఏటి వైపు ఉంది. అంటే రోడ్డుకి అవతలే. మొన్న మధ్యాహ్నం పాడె ఎత్తారు. తమ్ముడు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. ఆడవాళ్ళం రోడ్డు అంచు దాకా వెళ్ళి ఆగిపోయాం, మా ఆచారం అక్కడి దాకానే. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరూ అరవలేదు. అటు నుంచి వస్తున్న లారీ దానంతట అదే ఆగింది, డ్రైవరు తలకి చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. ఇటు నుంచి బస్సు ఆగింది. దాని వెనక కార్లు, ఆటోలు, బైకులు అన్నీ ఆగాయి. ఒక్క హారను లేదు. ఆ నిశ్శబ్దంలో అవతల సాలలో ఎర్రావు అరిచింది, రోడ్డుకి ఇవతలున్న మా అందరికీ స్పష్టంగా వినిపించింది. అత్త అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటడం నేను చూసింది అదొక్కసారే.

వాళ్ళు చల్లుకుంటూ పోయిన పేలాలు రోడ్డు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా తెల్లటి చారలా పడి ఉన్నాయి. పాడె సాల మలుపు తిరగ్గానే లారీ కదిలింది, దాని వెనక మిగతావి కదిలాయి. మేము ఇంట్లోకి పోయి, ఇల్లు కడిగి, బయటికి వచ్చేసరికి చార సగం టైర్లకి అంటుకుని పోయింది. మిగతా సగం పోతుంటే నేను అరుగు మీద నిలబడి చూశాను. ఎవరూ హద్దు మీరడం లేదు. బోర్డు మీద ఉన్నట్టే, యాభై లోపలే పోతున్నారు.